మల్లేశ్ చేతికి కట్టిన నా వాచీ

గుండె నిమిషానికి ముప్ఫై రెండుసార్లు మాత్రమే కొట్టుకుంటుండగా, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఎండలో నడిచి, ఆసుపత్రి మెట్లు నా కాళ్ళతో నేనే ఎక్కిన మనిషిని నేను. డెబ్భై రెండో ఏట. దారిలో రోడ్డు దాటలేక నిలబడ్డ ఒకావిడని చెయ్యి పట్టుకుని దాటించాను కూడా. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కనుకే ఈమధ్య మా సందులో వాళ్ళు నన్ను ఆపి అడుగుతున్నారు: "మాస్టారూ, ఫోను ఎలాగూ ఉంది. దానికి తోడు ఆ స్మార్ట్ వాచీ కూడా కొనుక్కోమంటారా?"

వద్దంటాను. ఎందుకని అడిగితే నిలబెట్టి అరగంట చెబుతాను. నిలబడే ఓపిక లేనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

జబ్బు గట్టెక్కింది. ఎడమ భుజం కింద, చర్మం లోపల, చిన్న యంత్రం ఒకటి కూర్చుని నా గుండెని నడిపిస్తోంది. అది తప్ప ఇంకే యంత్రమూ నా ఒంటి మీద ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మైత్రీవనం వెనక సందులో ముప్ఫై ఏళ్ళు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. మొదట టైపు, షార్ట్‌హ్యాండు, తర్వాత కంప్యూటర్లు. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ నడపడమంటే సగం చదువు చెప్పడం, సగం హాజరు పట్టీని కాపాడుకోవడం. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ముసుగుతన్ని పడుకున్న కుర్రాడి పేరు పిలిస్తే, ఇక్కడ ఇంకొకడు గొంతు మార్చి "ప్రజెంట్ సార్" అంటాడు. దానికి ప్రాక్సీ అని పేరు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రాక్సీ కూడా నా చెవి దాటిపోలేదు.

సరే, పోయాయి. చాలానే పోయాయి. కొన్ని తెలిసీ వదిలేశాను. పట్టుకుంటే మర్నాడు ఇద్దరూ రారు. కానీ ఆ విద్యలో కిటుకులన్నీ నాకు తెలుసు. నా ప్రాణం మీదికి తెచ్చింది ఆ తెలివే.

ఏప్రిల్‌లో మా అమ్మాయి శైలజ ఆ వాచీ తెచ్చి నా చేతికి కట్టింది. దాని ఆఫీసు బేగంపేటలో, కాపురం ఎస్.ఆర్. నగర్‌లో. సాయంత్రం ఇంటికి పోతూ మా ఫ్లాట్లో దిగి కాఫీ తాగి వెళ్తుంది. అంతకుముందు ఒకసారి స్నానాల గదిలో నా కాలు జారింది. అదీ కారణం.

"నాన్నా, నువ్వు ఎక్కడైనా పడిపోతే ఇదే నాకు ఫోన్ చేస్తుంది."

"నాకు ఫోనుందిగా, నేనే చేస్తాను."

"పడిపోయినవాడివి ఎలా చేస్తావు?"

 ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇప్పుడుంది. కాసేపాగి చెబుతాను.

ఆ వాచీ ఎలాంటిదంటే, ఫోనుకి తోక లాంటిది. ఫోను అన్న మాటే మళ్ళీ అంటుంది. ఒక్క కాల్ వస్తే జేబులో ఒకటి, మణికట్టు మీద ఇంకొకటి, రెండూ కలిసి వణుకుతాయి. చెయ్యి పప్పన్నంలో ఉంటే ఎంగిలి చేత్తో ఏది నొక్కాలో తోచదు. అక్షరాలు చీమ గుడ్లంత. కళ్ళజోడు పెట్టుకుని చూసేసరికి తెర ఆరిపోతుంది. మిక్సీ పెట్టే ప్లగ్గులో దాన్ని రోజూ చార్జింగ్ పెట్టాలి; మా ఆవిడ సుభద్ర పచ్చడి రుబ్బుకునే వేళకి నా వాచీ అక్కడ వేలాడుతూ ఉంటుంది. ఇవన్నీ భరించాను. భోజనానికి కూర్చున్నవాణ్ణి "లేచి నిలబడు" అన్నప్పుడు కూడా భరించాను. "ఇప్పుడు ఊపిరి తీసుకో" అన్న రోజు మాత్రం విప్పి బియ్యం డబ్బాలో పడేశాను. డెబ్భై రెండేళ్ళుగా ఎవరూ గుర్తు చెయ్యకుండానే తీసుకుంటున్నాను. సాయంత్రం శైలజ దాన్ని వెతికి తీసి మళ్ళీ కట్టింది.

అన్నిటికన్నా పెద్ద తప్పు, అది ఇంటి గుట్టు బయటపెట్టే రకం. శైలజ గుమ్మంలోకి వస్తూ నా మొహం చూడటం మానేసింది, తన ఫోను చూసుకునేది.

"పద్నాలుగు వందల అడుగులేనా నాన్నా? రోజంతా ఏం చేశావు?"

ఏం చేశానో చెబితే ఆసుపత్రికి తీసుకుపోతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. మెట్రో స్టేషను మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడిలా నటిస్తున్నాను. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నిజానికి జబ్బు మొదలైంది అప్పుడే. నేను దానికి బద్ధకం అని పేరు పెట్టుకున్నాను. బద్ధకమైతే తిట్లతో పోతుంది.

జూన్‌లో నాకు ఉపాయం తట్టింది. మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన మల్లేశ్ ఇస్త్రీ బండి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి. చుట్టుపక్కల నాలుగు భవనాల్లో అంతస్తులెక్కి బట్టలు తెచ్చుకుని, ఇస్త్రీ చేసి, మళ్ళీ ఎక్కి ఇచ్చి వస్తాడు. అసోసియేషన్ వాళ్ళని ఒప్పించి ఆ బండిని అక్కడ పెట్టించింది నేనే. పొద్దున్నే వెళ్ళి వాచీ విప్పి అతని ముందు పెట్టాను.

"ఇది కాస్త నీ చేతికి పెట్టుకో మల్లేశూ. సాయంత్రం ఇచ్చెయ్."

"ఎందుకు సార్?"

"నడవడానికి."

"నడిచేది మీరు గదా."

"నడక నీది, లెక్క నాది."

"గట్ల సుత నడుస్తదా సార్?"

"అమీర్‌పేటలో ముప్ఫై ఏళ్ళ నుంచి నడుస్తోంది."

అతను నవ్వలేదు. బొగ్గుల పెట్టె పక్కకి జరిపి వాచీ వంక చూశాడు. "శైలజ మేడంకు ఎర్కైతే నా మీద గరమైతది. గీ గేటు కాడ నా బండి ఉండనిస్తరా?"

"బండి పెట్టించింది ఎవరు?"

"మీరే."

"మరి?"

అంతటితో మాట అయిపోయింది. కట్టుకున్నాడు. రోజూ సాయంత్రం శైలజ వచ్చే వేళకి ముందు నేను కిందికి దిగి, ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అతనికిచ్చి, వాచీ నా చేతికి కట్టుకుని పైకి వచ్చేవాణ్ణి. వాచీ నా ఫోను దగ్గరికి రాగానే రోజంతా దాచుకున్న లెక్కలన్నీ అందులో కక్కేసేది.

మొదటి రోజు పదకొండు వేలు. శైలజ మొహం వెలిగిపోయింది. దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తెనాలి నుంచి మా తమ్ముడు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. నేనూ వినయంగా ఒకటి పంపాను. బోనాల వారంలో పదహారు వేలు దాటింది. అప్పుడు నాకు అనుమానం వచ్చి బండి పక్కన కూర్చుని చూశాను. మల్లేశ్ నిలబడిన చోటునుంచి కదలడం లేదు, అంకె మాత్రం పెరుగుతోంది. ఇస్త్రీ పెట్టె ముందుకూ వెనక్కూ తోసినప్పుడల్లా ఆ వాచీ దాన్ని అడుగు అనుకుంటోంది. పండక్కి వచ్చిన పట్టుచీరలన్నీ నా ఉదయపు నడకలోకి చేరిపోయాయి. చీరకీ కాలికీ తేడా తెలియని వస్తువుని చేతికి కట్టుకుని జనం ఆరోగ్యం చూసుకుంటున్నారు.

జూలై చివర్లో రెండుసార్లు కళ్ళు చీకట్లు కమ్మాయి. ఒకసారి అటక మీది డబ్బా అందుకుంటుంటే, ఇంకోసారి కూరగాయల బండి దగ్గర. పడిపోలేదు. లోపల ఎవరో కరెంటు తీసి మళ్ళీ ఇచ్చినట్టయింది, అంతే. రెండోసారి సుభద్ర పక్కనే ఉంది. నా చేతిలోంచి వంకాయలు దొర్లిపోవడం చూసింది. ఆ సాయంత్రమే మా సందులో డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్ళింది.

అక్కడ కూర్చోవడమే ఒక శిక్ష. తొమ్మిది కుర్చీలు, పదిహేనుమంది, గోడ మీద నోరు మూయించిన టీవీ. ఎదురుగా ఒక పెద్దాయన రిపోర్టుల సంచీ ఒళ్ళో పెట్టుకుని అందరి జబ్బులూ అడుగుతున్నాడు. నన్నడిగితే "నాకేం లేదు, మా ఆవిడకి" అన్నాను. సుభద్ర నా పేరున్న చీటీ ఆయనకి కనిపించేలా తిప్పి పెట్టింది. 

డాక్టరుగారు నాడి పట్టుకుని చూశారు. నెమ్మదిగా ఉందన్నారు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన శైలజ తన ఫోను ఆయన ముందు పెట్టింది. పగలంతా పదకొండు వేల అడుగులు, గుండె తొంభై, వంద. సాయంత్రం కాఫీ వేళకి నలభై నాలుగు. పగటి గుండె మల్లేశ్‌ది, సాయంత్రపు గుండె నాది. అది ఆయనకెలా తెలుస్తుంది?

"ఈ వయసులో ఇంత నడుస్తున్నారా? బాగా నడిచేవాళ్ళకి కూర్చున్నప్పుడు గుండె ఇలాగే నెమ్మదిస్తుందండీ. ఆటగాళ్ళకి ఉంటుంది. అయినా ఒక ఈసీజీ తీయించండి, ఒకరోజు గుండె తీరు చూసే పరీక్ష కూడా చేయించుకుంటే మంచిది."

ఈసీజీ అక్కడే తీశారు. ఆ కాసేపూ గుండె బుద్ధిగానే ఉంది. రెండో పరీక్షకి నేనే అడ్డం తిరిగాను. "ఆటగాడి గుండెకి పరీక్షలెందుకండీ?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను. బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. అబద్ధం అక్కడే విప్పేయాల్సింది. కానీ శైలజ అప్పుడే తల్లితో అంటోంది, "చూశావా అమ్మా, వాచీ కొనడం ఎంత మంచిదయిందో" అని. ఆ మొహం చూసి నోరు రాలేదు.

ఆగస్టు రెండో వారం, ఉదయం పదకొండు. క్షౌరానికి బయలుదేరాను. మొదట్లో చెప్పిన నడక ఇదే. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. గేటు దాటి ఇరవై అడుగులు వేశాను. మళ్ళీ కరెంటు పోయింది, ఈసారి తిరిగి రావడం ఆలస్యమైంది. కళ్ళు తెరిచేసరికి మూసి ఉన్న జెరాక్స్ షాపు మెట్టు మీద ఉన్నాను. నా తల మల్లేశ్ ఒళ్ళో ఉంది. రోడ్డు దాటించిన ఆవిడా లేదు, ఎండలో నడకా లేదు. పంజాగుట్టకి ఆటోలో వెళ్ళాను, మల్లేశ్ భుజం మీద తల వాల్చి. ఆసుపత్రి మెట్లు నేనెక్కలేదు. చక్రాల కుర్చీకి ఏటవాలు దారి ఉంటుంది, దాని మీదుగా తోశారు. ముప్ఫై రెండు మాత్రం నిజం. అదీ మర్నాడు యంత్రం చెబితే తెలిసింది.

శైలజ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. నేను పడిపోయినప్పుడు ఫోన్ చెయ్యాల్సిన వాచీ మల్లేశ్ చేతికి ఉంది. అది ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నా జేబులో ఫోనుకి నేను లాక్ పెట్టుకోను. మల్లేశ్ అది తీసి సుభద్రకి చేశాడు. ఫోను పని చేసింది, మనిషి పని చేశాడు, వాచీ మాత్రం ఆ ఆటోలో కూడా అడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

ఆటో దిగేముందు మల్లేశ్ దాన్ని విప్పి నా చేతికి కట్టాడు. అది కట్టమని నేనే సైగ చేశాను. మాట రాని స్థితిలో కూడా నాకు గుర్తొచ్చింది అదొక్కటే.

అత్యవసర వార్డులో కర్టెన్ల మధ్య పడుకోబెట్టారు. పక్క కర్టెన్ వెనక ఎవరో దగ్గుతున్నారు, బయట ఒక తల్లి ఎవరినో "నువ్వు తిన్నావా" అని ఫోన్లో అడుగుతోంది. ఖమ్మం నుంచి వచ్చిన నర్సమ్మ ఒకతె సూది గుచ్చుతూ, "తాతా, నా వైపు చూడు, చేతి వైపు చూడకు" అంది. మనవరాలి వయసు. ఆ ఒక్క మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా నాకు భయం వేస్తోందని నాకే తెలియదు.

సుభద్ర వెనకే ఇంకో ఆటోలో వచ్చింది. బేగంపేట నుంచి శైలజ పరిగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికి నా గుండె మళ్ళీ అరవైకి చేరి బుద్ధిగా కొట్టుకుంటోంది. ఈసీజీలో పెద్ద తేడా లేదు. డ్యూటీ డాక్టరమ్మ అన్నీ అడిగింది. శైలజ ఫోను తీసి నెల రోజుల లెక్కలు చూపించింది. డాక్టరమ్మ వాటిని వేలితో పైకీ కిందికీ జరిపి చూసింది. రోజూ ఇంత శ్రమ చేస్తూ ఏ ఇబ్బందీ లేదంటే బహుశా నీళ్ళు తక్కువై, ఎండకి తూలి ఉంటారు, ఒక సీసా ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపవచ్చు అంది. సుభద్ర దేవుడికి దండం పెట్టుకుంది. గుమ్మం దగ్గర మల్లేశ్ నా ఒంటి చెప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండోది రోడ్డు మీదే పోయింది.

ఇంటికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్ళీ కరెంటు పోతుంది, ఈసారి రాకపోవచ్చు. నోరు తెరిస్తే కూతురి ముందు దొంగనవుతాను. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పుకోదగ్గ పని నేను అప్పుడొక్కటే చేశాను. మంచం మీద లేచి కూర్చుని, డాక్టరమ్మని పిలిచి, "అమ్మా, ఆ అడుగులు నావి కావు, ఆ గుండె నాది కాదు, నేను నడవలేకపోతున్నాను" అని చెప్పేశాను.

డాక్టరమ్మ ఫోను పక్కన పెట్టేసింది. "అయితే ఈయన్ని ఇంటికి పంపడం లేదు" అంది. మర్నాడు తెల్లవారాక, నేను మంచం మీద ఇడ్లీ తింటుండగా, గుండె ముప్ఫై రెండుకి పడిపోయి యంత్రాలన్నీ గోల పెట్టాయి. ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ నాకు వివరించలేదు. నేనూ అడగలేదు. మూడో రోజున భుజం కింద యంత్రం పెట్టారు.

శైలజ ఆ మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. మందులు తెచ్చేది, సంతకాలు పెట్టేది, బయట కుర్చీలో కూర్చునేది. సుభద్ర మాత్రం ఒకసారే మాట్లాడింది.

"ఆయాసంగా ఉందని ఇస్త్రీ బండి దగ్గర చెప్పగలిగారు. నాకు చెప్పలేకపోయారు."

"అతనికీ చెప్పలేదే."

"అయితే మరీ మంచిది" అని మొహం తిప్పుకుంది. బయట కుర్చీల్లో పరిచయమైన కరీంనగర్ ఆవిడ ఎవరో తన డబ్బాలో జొన్నరొట్టె సగం తుంచి పెడితే తింది కానీ, నేను తెప్పించిన భోజనం ముట్టలేదు. నాలుగో రోజు మల్లేశ్ వచ్చాడు. పేపర్లో చుట్టి నా రెండో చెప్పు తెచ్చాడు. జెరాక్స్ షాపు వాళ్ళు తీసి పెట్టారట. కడిగి తెచ్చాడు. శైలజ అతన్ని చూసి లేచి బయటికి పోయింది.

ఇప్పుడు నవంబరు. మెట్రో మెట్లు రెయిలింగు పట్టుకోకుండా ఎక్కుతున్నాను. సరే, ఒక్కసారి పట్టుకుంటున్నాను. శైలజ మళ్ళీ కాఫీకి వస్తోంది. గుమ్మంలో ఫోను చూడటం లేదు. నా మొహం చూసి, "ఎలా ఉంది?" అని అడుగుతోంది. "బాగాలేదు" అని చెప్పడం నేర్చుకుంటున్నాను. ఈ వయసులో కొత్త విద్య కష్టంగానే వస్తోంది. వాచీ మాత్రం మళ్ళీ బియ్యం డబ్బాలోకే చేరింది.

కనుక అడిగేవాళ్ళకి నా మాట ఇది. ఫోను ఉంటే చాలు. వాచీ కొనకండి. అది చూసేది చేతిని, మనిషిని కాదు. ఎవరి చేతికి కడితే వాళ్ళ పాట పాడుతుంది. దాన్ని చూసి మీ పిల్లలు మిమ్మల్ని చూడటం మానేస్తారు. మీరు నాలాంటివాళ్ళయితే అసలే వద్దు. నడవలేకపోతే నడవలేకపోతున్నానని ఇంట్లో చెప్పండి, దానికి చార్జింగ్ అక్కర్లేదు.

ఇంతవరకు రాసి, నిన్న ఉదయం బండి దగ్గర స్టూలు వేసుకుని మల్లేశ్‌కి చదివి వినిపించాను. అతని పేరు వాడుకున్నాను, అడగడం మర్యాద. అతను షర్టు కాలర్ మీద పెట్టె నడుపుతూ మొత్తం విన్నాడు. ఇస్త్రీని అడుగులుగా లెక్కపెట్టిన చోట నవ్వాడు. చెప్పు సంగతి వచ్చినప్పుడు తల వంచుకున్నాడు. అయిపోయాక పెట్టె నిలబెట్టి నా వైపు చూశాడు.

"అంతా మంచిగనే రాసిన్రు సార్. ఒక్కటి తప్పు."

"ఏది?"

"డాక్టరమ్మకు మీరు చెప్పలే. ఆమె అడిగితే రోజూ నడుస్తున్న అనే అన్నరు. ఇంటికి తోలిస్తమంటే నాకు పానం ఆగలే, నేను చెప్పిన. శైలజ మేడం గప్పుడు నన్ను సూసిన సూపు నాకింక యాదికున్నది. మీరు కండ్లు మూస్కోని పండుకున్నట్టు చేసిన్రు. సార్, గీ కాయితం సుత గా వాచీ లెక్కనే అయింది. చేసింది నేను, పేరు మీది."